మేకుకు వేలాడే పైపు

పోయిన వారం మనం వెల్డింగక్కను జీపు కింద వెల్లకిలా పడుకోబెట్టి వచ్చేశాం. అప్పటినుంచీ ఆమె అక్కడే ఉందనుకోకండి. లేచింది, చేతులు కడుక్కుంది, ఇంటికెళ్ళి తమ్ముడికి అన్నం పెట్టింది. తన కంచంలో ముద్ద మాత్రం కలిపింది కలిపినట్టే ఉండిపోయింది.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళకు నాలుగు ముక్కలు చెప్పాలి. మామగారి షెడ్డులో పాత జీపుల తుప్పు కోసి అతుకులు వేయడం వెల్డింగక్క పని. కొండదారుల్లో యాత్రికులను తిప్పే జీపుల యజమాని ఒకడున్నాడు. పళ్ళు లోపల పెట్టుకోవడం చేతకాదు కనుక అందరూ అతన్ని నవ్వుల షావుకారు అంటారు. వెల్డింగక్క తమ్ముడు అతని దగ్గరే డ్రైవరు. ఒక వానాకాలం కొండ మలుపులో జీపు బోల్తాపడి అందులో ఉన్న ఓ పెద్దాయన ప్రాణం పోయింది, తమ్ముడి కుడికాలు పనికిరాకుండా పోయింది. "తాగి తోలాడు" అన్నాడు షావుకారు. జీవితంలో ఆయన నవ్వకుండా అన్న మాట అదొక్కటే, లోకం నమ్మేసింది. బండిని తుక్కుకు పంపేశానని కూడా చెప్పాడు. తుక్కుకు పోయిన బండి వచ్చి సాక్ష్యం చెప్పదు కదా!

అదే షావుకారు ఈమధ్య ఒక 'కొత్త' జీపును, తుప్పు బాగుచేసి ఎత్తు పెంచమని, తెచ్చి తెచ్చి ఈ షెడ్డులోనే పెట్టాడు. ఈమె ఎవరో ఆయనకు తెలియదు. డ్రైవర్ల ఇళ్ళల్లో ఎవరెవరున్నారో అడిగే అలవాటు ఆయనకు లేదు. పోయిన వారం ఆ జీపు కింద నల్లపూత గీకుతుంటే, బండి బరువు మోసే కుడివైపు ఛాసిస్ దూలానికి అతికి ఉన్న ఓ వంకర కొక్కెం బయటపడింది. వెల్డింగు నేర్చుకుంటున్న రోజుల్లో, తాడు తగిలించుకోవడానికి కావాలని తమ్ముడు అడిగితే వెల్డింగక్క వేసిన కొక్కెం అది. ఆమె చేతి మొదటి అతుకు, కోడి కెలికినట్టుంటుంది. గీకేసి మళ్ళీ వేస్తానంటే తమ్ముడు ఒప్పుకోలేదు. "ఉండనీ అక్కా, దిష్టి తగలదు" అన్నాడు.

అంటే తుక్కుకు పోయిందన్న బండి తుక్కుకు పోలేదు. కొత్త బాడీ, కొత్త రంగు తొడుక్కుని పెళ్ళికూతురులా తిరిగొచ్చింది.

ఆ రాత్రి తమ్ముడికి చెప్పింది. వాడు కంచంలో గీతలు గీస్తూ, "నేను తాగలేదని నాకు తెలుసు, నీకు తెలుసు. చచ్చిపోయిన పెద్దాయన కొడుక్కి తెలీదు కదక్కా. బజార్లో నేను ఎదురుపడితే ఇప్పటికీ ఉమ్మేసి పోతాడు" అన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే, "ఆ షావుకారు నోటితో ఆ మాట ఒక్కసారి అనిపించు. తాగలేదని. నాకింకేం వద్దు" అన్నాడు.

సరేనని తల ఊపింది. కానీ వాడికి చాలింది ఆమెకు చాలలేదు. అక్కలంటే అంతే మరి, తమ్ముడి ఆకలి తమ్ముడికంటే వాళ్ళకే ఎక్కువ.

అదీ సంగతి. ఇక షెడ్డులోకి పదండి.

ఎడమవైపు దూలం పని పూర్తయి ఉంది. దాన్ని చూసుకుంటే వెల్డింగక్కకు తన మీద తనకే ఒళ్ళు మండింది. పగవాడి బండికి ఇంత మంచి పనా! బతికున్న ఇనుము తగిలేదాకా తుప్పును కోసింది. అంతే మందమున్న రేకును ఏటవాలుగా కత్తిరించి కూర్చింది. అతుకు నిట్టనిలువుగా వేస్తే బరువు పడ్డప్పుడు సరిగ్గా ఆ గీత వెంబడే విరుగుతుందన్నది మామగారు నేర్పిన మొదటి పాఠం. లోపల చేరిన నీళ్ళు కారిపోయేందుకు మూసుకుపోయిన కన్నాలు తెరిచి, లోపలంతా నూనె పట్టించింది. షావుకారు జానెడు ఎత్తు పెంచమంటే నాలుగు వేళ్ళే పెంచింది. "జానెడు లేపితే మలుపులో బండి పడుకుంటుంది సార్" అని అప్పుడే చెప్పింది కూడా. "అడిగింది చెయ్యమ్మా, పాఠాలు చెప్పకు" అని ఆయన నవ్వాడు. చెయ్యలేదు. పాడుపని చెయ్యమంటే ఆమె చెయ్యి మొరాయించింది.

ఇదంతా కొక్కెం కనపడకముందు. కనపడ్డాక ఒక పని కావాలనే చెయ్యకుండా వదిలేసింది.

బండి ఎత్తు పెరిగితే, చక్రం గోతిలో పడ్డప్పుడు వెనక ఇరుసు ఇదివరకటికంటే ఎక్కువ కిందికి దిగుతుంది. ఛాసిస్ నుంచి ఇరుసుకు పోయే రబ్బరు బ్రేకు పైపు దానికి తగ్గట్టు పొడుగ్గా ఉండాలి. పాత పొట్టి పైపే ఉంచితే లాగి లాగి ఏదో ఒక గోతి దగ్గర పుటుక్కున తెగుతుంది. తెగితే బ్రేకు నూనె కారిపోతుంది, ఇలాంటి పాత జీపులకు నాలుగు చక్రాల బ్రేకూ ఒక్కసారే పోతుంది. ముందు చక్రాల పైపులు మార్చేసింది. వెనకవైపు వేయాల్సిన పొడుగు పైపు మాత్రం గోడ మీద మేకుకు వేలాడుతోంది. పొట్టిది బండికే ఉంది.

షెడ్డు గేటు దాటగానే పల్లం. పల్లం మొదట్లోనే కుంగిపోయిన కాలువ మూత. కుడి వెనక చక్రం అందులో పడి లేవకుండా ఏ బండీ బయటికి పోలేదు. పల్లం చివర లారీలు తిరిగే పెద్దరోడ్డు. బండిని తనే తోలుకుపోతానని షావుకారు మొదటిరోజే చెప్పి ఉన్నాడు. చేతిలో స్టీరింగు ఉండీ, కాలి కింద బ్రేకు ఉండీ, బండి మన మాట వినకపోవడం ఎలా ఉంటుందో ఆయన కూడా ఒక్కసారి చూడాలి. తమ్ముడు చూడలేదా?

పొద్దున్నే మామగారు ఆ మేకు దగ్గర ఆగాడు. నలభై ఏళ్ళు రేకులు కొట్టీ కొట్టీ ఆయన తన చెవులను ఆ సుత్తికే సమర్పించుకున్నాడు. అందుకే ఏం మాట్లాడినా అరిచినట్టుంటుంది.

"ఏం కోడలా! ఈ పైపు ఇంకా ఇక్కడే ఉందేంటి?"

"మారుస్తా మామయ్యా" అని చేత్తో సైగ చేసింది.

ఆయన పైపు వంక చూశాడు, కోడలి వంక చూశాడు. "మేకుకున్న పైపు బ్రేకు వెయ్యదు తల్లీ" అని, తన మూలకు పోయి ఓ సొట్ట పడ్డ తలుపును సుత్తితో సముదాయించడం మొదలుపెట్టాడు.

ఎండ షెడ్డు గుమ్మం దాటి లోపలికొచ్చే వేళకు, చెప్పిన రోజుకంటే ముందే, కబురైనా లేకుండా షావుకారు కారు వచ్చి ఆగింది. కారు డ్రైవరు తలుపు తీసేలోపే కూతురు అవతలి నుంచి దూకేసింది. ఇరవయ్యేళ్ళుంటాయేమో, తండ్రి నవ్వే వచ్చింది కానీ ఈ పిల్ల మొహంలో అది నవ్వులాగే ఉంటుంది. వచ్చినప్పుడల్లా మంచి బట్టలతోనే బండి కింద దూరి, తుప్పు లోపలినుంచి పడుతుందా బయటినుంచి పడుతుందా అని అడుగుతుంది. తిట్టుకుందామన్నా వెల్డింగక్కకు ఆ పిల్ల మీద తిట్టు రాలేదు.

"అక్కా! ఎడమవైపు అయిపోయిందా? అబ్బ, అద్దంలా ఉంది."

"అద్దంలా ఉండకూడదమ్మా, ఇనుములా ఉండాలి."

"చూశావా నాన్నా, మాటకి మాట! నువ్వెవరో నాన్నకి ముక్క తెలీదక్కా. జీపు పని అని ఎవర్నడిగినా నిన్నే చెప్పారంట. నేనడిగితే 'ఎవరో వెల్డింగావిడ, మనకెందుకు' అన్నాడు." ఇంతలో ఫోను మోగితే, "ఎదురు కొట్లో కూల్‌డ్రింకు తెస్తా, నాక్కావాలి, నీక్కూడా కావాలి" అంటూ గేటు ముందు దారి దాటి వెళ్ళిపోయింది.

షావుకారు బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. "అయిపోయినట్టేగా?"

"కుడివైపు ఉంది సార్. కొయ్యాలి."

"బానే ఉందిగా? నున్నగా ఉంది."

"పైన పటారం, లోన లొటారం. పూత గీకితే తెలుస్తుంది."

"కోతలూ గీతలూ పెట్టకు. పైన ఓ రేకేసి నలుపు కొట్టెయ్. ఎల్లుండి కొత్త దారి మొదలుపెడుతున్నాం, పెద్దవాళ్ళొస్తున్నారు. ముందు బండి ఇదే."

రేకేసి నలుపు కొట్టెయ్. ఆ మాట తమ్ముడు తోలిన రోజుల్లో కూడా ఇదే గొంతుతో అని ఉంటాడనిపించింది ఆమెకు. కోపం రాలేదు. పక్కనున్న జాకీని కాలితో ముందుకు లాగింది.

"అలాగే సార్. కానీ మా షెడ్డులో ఒక పద్ధతుంది. ఈ జాగా బానే ఉందన్నవాళ్ళు ఆ జాగా కింద జాకీ పెట్టి, పిడి పట్టుకుని వాళ్ళే కొట్టి లేపాలి. బండి లేస్తే మీ మాట నెగ్గినట్టు. కొయ్యను, రేకేస్తాను. లేవకపోతే మా మాట."

ఇది ఆమె అప్పటికప్పుడు పుట్టించిన మాట కాదు. మామగారు షెడ్డు తెరిచిన నాటినుంచీ ఉన్న పద్ధతి. బేరగాడితో వాదించి నోరు నొప్పి పుట్టించుకునేకంటే జాకీ చేతికివ్వడం మేలని ఆయన సిద్ధాంతం. ఒకటే షరతు, ఆ సమయంలో బండి కింద పిల్లి కూడా ఉండకూడదు.

షావుకారు పగలబడి నవ్వాడు. "ఇంతేనా? ఇటివ్వు." చొక్కా చేతులు పైకి మడిచాడు. వెల్డింగక్క కుడివైపు వెనక, ఇరుసును దూలానికి పట్టి ఉంచే కమాన్ పట్టీల బ్రాకెట్టుకు పక్కనే జాకీ పెట్టి, కిందంతా ఖాళీగా ఉందో లేదో చూసుకుని, పక్కకు జరిగి నిలబడింది.

ఆయన కొట్టాడు. జాకీ తల వెళ్ళి దూలానికి ఆనింది. మళ్ళీ కొట్టాడు. బండి కొంచెం మూలిగింది. "చూశావా!" అన్నాడు. ఇంకోసారి కొట్టాడు.

బండి లేవలేదు. జాకీ లేచింది.

ఎండుకొమ్మను కాలితో తొక్కినట్టు చప్పుడైంది. జాకీ తల దూలంలోకి దిగిపోయింది. నల్లపూత పగిలి, దాని వెనక పుట్టీ పెచ్చులు, పుట్టీ వెనక ఎర్రటి తుప్పు, మూటవిప్పినట్టు జలజలా రాలి షావుకారు మెరిసే బూట్ల మీద పడ్డాయి. ఇంకా పిడి పట్టుకునే ఉన్నాడాయన. జాకీ అలాగే పోయి సీట్లోంచి బయటికొస్తుందేమో అన్నట్టు చూస్తున్నాడు.

"ఇంకోటి కొట్టండి సార్" అంది వెల్డింగక్క.

పిడి వదిలేశాడు. నవ్వు ఉంది కానీ అంటించినట్టుంది. "పాత బండి కదమ్మా. కొన్నప్పుడు ఇవన్నీ ఎవరు చూస్తారు?"

"ఎక్కడ కొన్నారు?"

"ఎక్కడో. గుర్తులేదు."

"నాకు గుర్తుంది." ఆమె జాకీ దింపి అవతలికి లాగింది. వంగి, చక్రం పక్కనుంచి చెయ్యి చాచి, తీగల బ్రష్షుతో ఆ వంకర కొక్కెం మీద నాలుగు రుద్దులు రుద్దింది. "ఇటు వంగి చూడండి సార్. ఈ కొక్కెం ఎవరు వేశారో తెలుసా?"

"ఏదో చెత్త. కోసి పారెయ్."

"ఛాసిస్ నంబరు గీకించారు. బాడీ మార్పించారు. ఈ చెత్త మాత్రం ఎవరికీ కనపడలేదు, ఎందుకంటే ఇంత వికారంగా ఉన్నదాన్ని ఎవరూ రెండోసారి చూడరు. నేను చూస్తాను. నేను వేసిన మొదటి అతుకు ఇది. తాడు తగిలించుకోవడానికి మా తమ్ముడికి వేసిచ్చాను."

షావుకారు ఆమె మొహంలోకి మొదటిసారి చూశాడు. ఇన్నాళ్ళూ మాట్లాడింది మొహంతో కాదు, చేతిలో ఉన్న పనిముట్టుతో. ఇప్పుడు ఆ ముక్కూ ఆ కళ్ళూ ఎక్కడ చూశాడో వెతుక్కున్నాడు, దొరికాయి. నవ్వు కిందపడింది. వెల్డింగక్క ఇన్నేళ్ళుగా కోరుకున్నది ఆ క్షణమే. కరువుతీరా చూసుకుంది.

"వాడి అక్కవా నువ్వు?"

"వాడేంటి సార్? మీ బండి తోలినవాడు, మీ కోసం కాలు పోగొట్టుకున్నవాడు. వాడికో మాట కావాలి. తాగలేదని మీ నోటితో చెప్పండి. పెద్దాయన కొడుకు ముందు చెప్పండి."

ఆయన గేటు బయటికి చూశాడు. కూతురు అవతలి కొట్టు దగ్గర వీపు తిప్పి ఫోను మాట్లాడుతోంది. షెడ్డు మూల మామగారి సుత్తి టంగుటంగుమంటోంది. షావుకారు ఒకడుగు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"తాగలేదు."

వెల్డింగక్క చేతిలోని బ్రష్షు కిందపెట్టింది.

"తాగలేదమ్మా మీ తమ్ముడు. నాకు తెలుసు. బ్రాకెట్టు ఊగుతోంది సార్, బండి ఆపుదాం అని అంతకుముందే చెప్పాడు కూడా. సీజను మధ్యలో బండి ఆపుతారా ఎవరైనా? పుట్టీ పెట్టించాను. ఇంకెన్నాళ్ళో ఆగుతుందనుకున్నాను, ఆగలేదు. అయిందా? నీ మాట నీకొచ్చింది. ఇప్పుడు చెప్పు, ఎవరు విన్నారు?"

"మామయ్యా!" అని అరిచింది ఆమె. సుత్తి ఆగలేదు. "మామయ్యా!" ఆ వీపు తిరగలేదు. ముప్ఫై అడుగుల దూరంలో మనిషుండీ సాక్షి లేడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదామెకు.

"పాపం, మీ మామకి వినపడదు" అన్నాడు షావుకారు. పడిపోయిన నవ్వును తీసి దులుపుకుంటున్నట్టున్నాడు. "తాళం చెవి ఇలా ఇవ్వు. బండి తీసుకుపోతున్నా. పొద్దుగూకేసరికి ముక్కలు చేయిస్తా, ఈసారి నిజంగానే తుక్కు. నీ కొక్కెం నీకు పార్సిల్లో పంపిస్తాలే, దాచుకో."

ఏ పని తలపెట్టినా చివర్లో ఒక చిన్న గడియ ఉంటుంది, అది తీస్తే అంతా తెరుచుకుంటుంది. ఇప్పటిదాకా వెల్డింగక్క మనసులో ఏ మూలో సందేహం ఉండేది. పైపు మార్చేస్తానేమోలే అని తనకు తనే చెప్పుకునేది. ఆ పార్సిల్ మాటతో అది కాస్తా పోయింది. జేబులోంచి తాళం చెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"తీసుకెళ్ళండి సార్" అంది, చాలా మర్యాదగా.

సంతోషమేసింది. ఉన్నమాట చెప్పుకోవాలి, చిన్నపిల్లకు జాతర కనపడ్డంత సంతోషమేసింది. గేటు, పల్లం, కాలువ మూత, పెద్దరోడ్డు. ఆయన బండెక్కాడు. వద్దని ఆమె చెప్పిందా? చెప్పలేదు. ఎక్కమని చెప్పిందా? అదీ లేదు. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

పైకి నవ్వుతున్నాడే కానీ షావుకారు చెయ్యి మాత్రం ఇంకా జాకీ దగ్గరే ఉన్నట్టుంది. తాళం చెవి కన్నంలో దూరడం లేదు. ఒకసారి జారి కిందపడింది. వంగి వెతుక్కుంటుంటే కూతురు రెండు సీసాలతో వచ్చేసింది.

"అదేంటి నాన్నా, తీసుకెళ్ళిపోతున్నామా? కుడివైపు ఉందన్నావుగా అక్కా?"

"చాలమ్మా, బానే ఉంది" అన్నాడు షావుకారు. "నువ్వు కార్లో రా."

"కారుకి డ్రైవరున్నాడుగా. మొదటిసారి నేనే తోలతానని నెల్నించీ చెప్తున్నా. జరుగు." సీసాలు తండ్రి ఒళ్ళో పడేసి, కిందపడ్డ తాళం చెవి తనే తీసి, స్టీరింగు ముందుకు ఎక్కేసింది. ఆ పిల్ల మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటున్నట్టు లేదు. షావుకారు పక్క సీట్లోకి జరిగాడు.

వెల్డింగక్క బండి వైపు ఒకడుగు వేసి ఆగింది.

ఆ పిల్ల తల మీదుగా ఇద్దరి చూపులూ కలుసుకున్నాయి. చెప్పు, అనుకుంది ఆమె. తండ్రివి కదా, చెప్పు. దూలంలోకి జాకీ దిగిపోయిందని, దిగమని, ఒక్క మాట. ఆయన పెదవులు కదిలాయి. చెబితే ఆ దూలం కథ కూతురికి మొదటినుంచీ చెప్పాల్సొస్తుంది.

"మెల్లగా పోనీ అమ్మా" అన్నాడు. "ఇంటిదాకేగా."

అంతే. ఇంకేం చెప్పలేదు. ఇవతల వెల్డింగక్క కూడా చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలు ఇద్దరూ చెరోవైపు నిలబడి ఒకరి నోరు ఒకరు చూసుకుంటున్నారు. ముందు నోరు తెరిచినవాళ్ళు ఓడినట్టు. ఆయన తెరిస్తే కూతురి ముందు ఓడతాడు. ఆమె తెరిస్తే? బండిలో కావాలని లోపం వదిలింది వెల్డింగావిడే అని రేపు లోకమంతా చెప్పుకుంటుంది. అక్కే ఇలాంటిదైతే తమ్ముడు తాగడా అంటుంది. వాడి మీద పడ్డ మచ్చ కడగడానికి కదా ఇదంతా. తన చేత్తోనే ఇంకో పూత వేసినట్టవుతుంది, ఈసారి ఏ బ్రష్షుకూ ఊడనంత గట్టిగా.

ఇంజను అందుకుంది. "వస్తా అక్కా!" అని పిల్ల చెయ్యి ఊపింది. బండి మెల్లగా గేటువైపు కదిలింది.

ఆయన ఇంకా చెప్పలేదు.

వెల్డింగక్క వెనక్కి తిరిగి గోడ దగ్గరికి ఉరికింది. పైపును గుంజితే మేకూ, దాంతోపాటు గుప్పెడు సున్నం పెళ్ళలూ ఊడొచ్చాయి. అడ్డంగా ఉన్న రేకుల మీదుగా దూకి, గేటు మధ్యకు వచ్చి, రెండు చేతులూ చాచి నిలబడింది. పిల్ల కెవ్వుమని బ్రేకు తొక్కింది. చదును నేల కదా, పైపు ఇంకా తెగలేదు కదా, బ్రేకు పడింది. బండి ముక్కు ఆమె మోకాళ్ళకు జానెడు దూరంలో ఆగింది. ఆమె మడమల వెనకే కాలువ మూత.

"ఏంటక్కా ఇది! చచ్చిపోయేదానివి!"

"దిగమ్మా."

"ఎందుకు?"

"దిగు చెప్తా. వెనక బ్రేకు పైపు పొట్టిది. ఎత్తు పెంచాక ఇది వెయ్యాలి." చేతిలో పైపు పైకెత్తి చూపించింది. "ఈ గోతిలో చక్రం పడగానే తెగుతుంది. కింద రోడ్డు దాకా బ్రేకుండదు."

పిల్ల మొహం పాలిపోయింది. పైపు వంక చూసింది, పల్లం వంక చూసింది. ఎంతైనా మంచి పిల్ల, తిట్టడానికి బదులు దారి చూపించింది.

"మర్చిపోయావా అక్కా?"

ఎంత సులువైన మాట! అవునమ్మా, మర్చిపోయాను. పని తొందరలో మర్చిపోయాను. ఎవరు మర్చిపోరు? ఆ ఒక్క అబద్ధం ఆడితే ఎవరికీ నష్టం లేదు, బండి ఆగిపోతుంది, పైపు మారుతుంది, అందరూ క్షేమం. వెల్డింగక్క నోటిదాకా వచ్చింది. తాగి తోలాడన్న మాట కూడా ఒకడి నోటికి ఇంతే సులువుగా వచ్చి ఉంటుందని అప్పుడే తోచింది.

"మర్చిపోలేదు" అంది.

షెడ్డు మూల సుత్తి ఆగింది. గేటుకు అడ్డంగా నిలబడ్డ కోడలు మామగారి కంటపడినట్టుంది.

షావుకారు ఒళ్ళోని సీసాలు పక్కన పెట్టి, తొందరేం లేనట్టు బండి దిగాడు. బూట్ల మీద ఎర్రపొడి దులుపుకున్నాడు. తల ఎత్తేసరికి నవ్వు వచ్చేసింది, ఎప్పటికంటే నిండుగా, పళ్ళన్నీ లెక్కపెట్టుకునేంతగా.

"విన్నావుగా అమ్మా? నోటితో ఒప్పుకుంది. మనల్ని చంపాలనే చేసింది." జేబులోంచి ఫోను తీశాడు. "ఇంకేం అక్కర్లేదు నాకు, పోలీసులకి ఇది చాలు. తమ్ముడు తాగి ఒకణ్ణి చంపాడు, అక్క మనిద్దర్నీ చంపబోయింది. ఆ కుటుంబమే అంత."

వెల్డింగక్కకు తమ్ముడి మొహం ఒక్కటే కళ్ళ ముందుంది. పైపు ఇంకా పట్టుకునే ఉంది, చివరన మేకు వేలాడుతోంది.

ఇంజను ఆగిన చప్పుడైంది. పిల్ల తాళం చెవి తీసి పిడికిట్లో బిగించుకుని మెల్లగా కిందికి దిగింది. ఆమె చూస్తున్నది వెల్డింగక్క వైపు కాదు.

"నాన్నా" అంది, "ఈవిడెవరో ముక్క తెలీదన్నావు కదా. ఏ తమ్ముడు?"

షావుకారు వేలు ఫోను మీదే ఆగిపోయింది.